700 ఎంపీఏ స్టీలు వేస్తే గూడ్స్ వ్యాగన్ బరువు సగానికి దిగదా? మా నాన్న దిగదంటున్నారు

బొడ్డవర_బుల్లోడు అడిగారు:

అందరికీ నమస్కారం. నేను మెటలర్జీ ఫైనలియర్. ప్రాజెక్టుకి గూడ్స్ వ్యాగన్ల స్టీలు తీసుకున్నాను, ఇప్పుడు మధ్యలో ఇరుక్కున్నాను.

నా లెక్క ఇది. పాత బాక్స్-ఎన్ వ్యాగన్ (బొగ్గు, ఖనిజం మోసే పైకప్పు లేని డబ్బా) ఖాళీ బరువు 22.47 టన్నులు. దాని ఒంటికి వాడేది కార్టెన్ రకం (తుప్పు తక్కువ పట్టే) స్టీలు, యీల్డ్ (శాశ్వతంగా వంగిపోయే ముందు తట్టుకునే ఒత్తిడి) 345 ఎంపీఏ (మెగాపాస్కల్స్) దగ్గర ఉంటుంది. ఇప్పుడు 700 ఎంపీఏ ఇచ్చే స్టీళ్లు మార్కెట్లో దొరుకుతున్నాయి. బలం రెట్టింపు అయితే రేకు మందం సగం చాలు, మందం సగమైతే బరువు సగం, బరువు తగ్గితే కరెంటు ఆదా. ఇంత సింపుల్ విషయాన్ని రైల్వే వాళ్లు ఇన్నేళ్లు ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు.

మా నాన్న వ్యాగన్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఈ లెక్క చూపిస్తే నవ్వి, "నువ్వెప్పుడైనా వ్యాగన్‌లోంచి బొగ్గుని పొక్లెయిన్‌తో తోడటం చూశావా?" అని అడిగి పేపర్ చదువుకోవడంలో పడ్డారు. మా గైడ్ సార్ ఏమో "బలం సంగతి ఎవడైనా చెప్తాడు, మైక్రోస్ట్రక్చర్ సంగతి రాయి" అన్నారు, అంటే మైక్రోస్కోప్ కింద కనబడే స్టీలు లోపలి అమరిక. ఇద్దరూ సగం సగం చెప్పి వదిలేశారు. నా లెక్కలో తప్పెక్కడ? తిట్టినా పర్లేదు, రివ్యూకి ఇంకా మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.

లూలియో_తెలుగోడు:

తమ్ముడూ, తిట్టేంత తప్పేం లేదు, ఫస్ట్ ఇయర్ ఉద్యోగంలో నేనూ అచ్చం ఇదే లెక్క వేసి మా బాస్ దగ్గరికి పరిగెత్తాను. నేను స్వీడన్‌లో స్టీలు ఫీల్డ్‌లోనే ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదువు.

మొదట నువ్వు 22.47 మొత్తాన్ని సగం చేయలేవు. అందులో దాదాపు సగం బోగీలు, చక్రాలు, యాక్సిళ్లు, కప్లర్లు, బ్రేక్ గేర్. రేకు మార్చినంత మాత్రాన అవి తగ్గవు. నీ చేతిలో ఉన్నది పైన డబ్బా, కింద అండర్‌ఫ్రేమ్, అంటే ఓ పది పదకొండు టన్నులు. దాంట్లో 20 శాతం తీసినా రెండు టన్నులు, అది చిన్న విషయం కాదు, కానీ "సగం" కాదు.

రెండోది అసలు దెబ్బ. యీల్డ్ 345 అయినా 700 అయినా స్టీలు స్టీలే, దాని ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా, వంగకుండా నిలిచే బిగువు) 200 గిగాపాస్కల్స్ చుట్టుపక్కలే ఉంటుంది, ఏ మైక్రోస్ట్రక్చర్ చేసినా అది కదలదు. చదునైన రేకు వంగకుండా నిలబడే గుణం మందం క్యూబ్ మీద ఆధారపడుతుంది. 6 మిల్లీమీటర్ల రేకుని 5 చేస్తే బిగువు 42 శాతం పోతుంది. 3 చేస్తే ఎనిమిదో వంతు మిగులుతుంది. అంటే నీ 700 ఎంపీఏ రేకు తెగదు, కానీ లోపల బొగ్గు ఒత్తిడికి పక్క గోడలు నిండు చూలాలి పొట్టలా బయటికి వస్తాయి. అందుకే సన్నరేకు వాడిన ప్రతి చోటా దాన్ని మడతలు పెట్టి, కోల్డ్ రోల్ ఫార్మ్‌డ్ (సీఆర్ఎఫ్) సెక్షన్లుగా వంచి బిగువు తెచ్చుకుంటారు. బాక్స్-ఎన్ హెచ్ఎల్ అనే తర్వాతి రకంలో చేసింది అదే, 12 శాతం దగ్గర క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ ప్లస్ సీఆర్ఎఫ్ సెక్షన్లు, ఖాళీ బరువు 20.6 టన్నులకి దిగింది.

ఇక్కడ ఒక మాట, ఇది నీ రిపోర్టులో తప్పకుండా రాయి. "బాక్స్-ఎన్ 58.81 టన్నులు మోసేది, హెచ్ఎల్ 71 మోస్తోంది, కొత్త స్టీలు మహిమ" అని ప్రెజెంటేషన్లలో కనబడుతుంది. లెక్క విప్పి చూస్తే పెరిగిన 12.2 టన్నుల్లో 10.3 టన్నులు యాక్సిల్ లోడ్ 20.32 నుంచి 22.9కి పెంచినందువల్ల వచ్చింది. స్టీలు మార్చినందుకు వచ్చింది 1.87 మాత్రమే. అలాగని స్టీలు పని చిన్నది కాదు, ఎందుకంటే యాక్సిల్‌కి బరువు పెంచినప్పుడు ఆ ఫ్రేము, ఆ వెల్డులు అదనపు లోడుని ఏళ్ల తరబడి ఓర్చుకోవాలి కదా.

ఇప్పుడు మీ సార్ అడిగిన మైక్రోస్ట్రక్చర్. స్టీలుని గట్టిపరచడానికి చాలా దార్లున్నాయి, కార్బన్ పెంచు, చల్లగా ఉన్నప్పుడు రోల్ చెయ్యి, లోపల సన్నటి ప్రెసిపిటేట్ రేణువులు పుట్టించు. కానీ దాదాపు ప్రతిదానికీ టఫ్‌నెస్‌తో (పగులు ఉన్నా విరక్కుండా ఓర్చుకునే గుణంతో) మూల్యం చెల్లించాలి, గట్టిదనం పెరిగిన కొద్దీ పుటుక్కున విరిగే గుణం కూడా పెరుగుతుంది. ఒక్క గ్రెయిన్ (స్టీలు లోపలి స్ఫటికం) సైజు తగ్గించడంలోనే రెండూ కలిసి పెరుగుతాయి. గ్రెయిన్ సన్నబడే కొద్దీ బలం పెరుగుతుందని హాల్ 1951లో, పెచ్ 1953లో చెప్పిన సంబంధం నీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. మామూలు ఫెర్రైట్ (స్టీలులోని మెత్తటి ఇనుము రూపం) గ్రెయిన్ 20 మైక్రాన్లు ఉన్నదాన్ని 5కి తెస్తే యీల్డ్‌లో దాదాపు 120 ఎంపీఏ ఊరికే కలిసొస్తుంది, పైగా పెళుసుగా విరగడం మొదలయ్యే టెంపరేచర్ ఇంకా కిందికి జారుతుంది. దీనికి టన్ను స్టీలులో 300 నుంచి 500 గ్రాముల నియోబియం చాలు. రోలింగ్ వేడి 950 డిగ్రీల దగ్గరికి దిగాక నియోబియం కార్బైడ్ చుక్కలు గ్రెయిన్ సరిహద్దుల్ని పట్టుకుని కదలనివ్వవు. రోలర్ల కింద ఆస్టెనైట్ (స్టీలు బాగా వేడిగా ఉన్నప్పటి రూపం) గ్రెయిన్లు అట్టుల్లా చదునవుతాయి కానీ మళ్లీ గుండ్రంగా పెరగలేవు. చల్లారేటప్పుడు ఆ చదునైన సరిహద్దుల నిండా కొత్త ఫెర్రైట్ మొలకలు లేస్తాయి, చోటు చాలక అన్నీ చిన్నవిగానే ఉండిపోతాయి. ఆ తర్వాత నీళ్లు కొట్టి వేగంగా చల్లారిస్తే పెర్లైట్ బదులు బైనైట్ అనే ఇంకా సన్నటి, గట్టి అమరిక వస్తుంది. నీ 700 ఎంపీఏ స్టీళ్లలో చాలావరకు ఇలా పుట్టినవే, కార్బన్ 0.1 శాతం కంటే తక్కువే ఉంటుంది.

పెర్లైట్‌ని నేను ఇంటర్న్‌లకి పూతరేకు అని చెప్తుంటాను. మెత్తటి ఫెర్రైట్ పొర, పెళుసు సిమెంటైట్ పొర, మళ్లీ ఫెర్రైట్, ఇలా పొర మీద పొర. చక్రానికీ పట్టాకీ ఆ పొరలే అరుగుదల తట్టుకుంటాయి, బాగుంటుంది. వ్యాగన్ అండర్‌ఫ్రేముకి మాత్రం పెర్లైట్ ఎంత తక్కువుంటే అంత మంచిది, క్రాక్ ఆ పెళుసు పొరల్ని దారి చేసుకుని పోతుంది.

ఇక్కడ కిరునా నుంచి నార్వే వైపు నార్విక్ రేవుకి ఖనిజం రైళ్లు పోతాయి, యాక్సిల్‌కి 30 టన్నులు, ఒక్కో వ్యాగన్‌లో 100 టన్నుల సరుకు. చలికాలం మైనస్ 30లో నడవాలి కాబట్టి ఇక్కడ స్టీలు కొనేవాడు బలం కంటే ముందు చార్పీ విలువ (గాటు పెట్టిన ముక్కని సుత్తితో కొట్టి విరిస్తే అది మింగే శక్తి) అడుగుతాడు. మన దగ్గర ఆ చలి లేదు కాబట్టి టఫ్‌నెస్ అక్కర్లేదనుకుంటారు, అది పొరపాటు. ఎందుకో వెల్డింగ్ తెలిసినవాళ్లు ఇంకా బాగా చెప్తారు.

309ఎల్:

పిలిచినట్టే ఉంది కాబట్టి వచ్చా. 22 ఏళ్లుగా వెల్డింగే, అందులో పదకొండేళ్లు వ్యాగన్ల మీదే. థియరీ పైన అన్న చెప్పాడు, నేను చేత్తో చూసింది చెప్తా.

మిల్లు నుంచి వచ్చిన రేకులో గ్రెయిన్ 5 మైక్రాన్లు ఉంటుంది సరే, దాని మీద నేను ఆర్క్ కొట్టగానే బీడ్ (వెల్డ్ గీత) పక్కన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఆ సన్నదనం మొత్తం పోతుంది. మిల్లువాడు లక్షలు పెట్టి నీళ్లు కొట్టి చేసింది నేను పది సెకన్లలో చెడగొట్టగలను. కొత్త కుర్రాళ్లు గ్యాప్ ఎక్కువుందని కరెంటు పెంచి, అటూ ఇటూ వెడల్పుగా వీవింగ్ చేసుకుంటూ నింపేస్తారు, చూడ్డానికి చేప పొలుసుల్లా అందంగా ఉంటుంది, లోపల మాత్రం ముతక గ్రెయిన్. 12 క్రోమ్ స్టెయిన్‌లెస్‌లో ఇది ఇంకా మోసం. దాన్ని ఒకసారి గ్రెయిన్ పెరగనిచ్చావంటే తర్వాత ఏ హీట్ ట్రీట్‌మెంట్ చేసినా తిరిగి సన్నబడదు. అందుకే ఆ గ్రేడ్ కెమిస్ట్రీని వెల్డ్ పక్కన కాస్త మార్టెన్‌సైట్ (వేగంగా చల్లారితే వచ్చే గట్టి రూపం) పుట్టేలా పెట్టారు, అది గ్రెయిన్లని పెరక్కుండా ఆపుతుంది. అయినా హీట్ తక్కువ పెట్టాలి, వీవింగ్ చేయకుండా సన్న బీడ్లు లాగాలి, ఒక పాస్ చల్లారాకే ఇంకోటి వేయాలి. ఫిల్లర్‌గా 309ఎల్ గ్రేడ్ స్టెయిన్‌లెస్ వాడతాం, నా పేరు అక్కడిదే.

ఇంకొకటి, బుల్లోడూ, ఇది నీ లెక్కకి పెద్ద గండి. వెల్డ్ ఫెటీగ్‌కి నీ 700 ఎంపీఏతో సంబంధమే లేదు. వెల్డ్ చేసిన జాయింటు ఎన్ని లక్షల సార్లు ఊగితే పగులుతుందనేది 345 స్టీలుకైనా 700 స్టీలుకైనా దాదాపు ఒకటే. ఎందుకంటే పగులు స్టీలులో పుట్టడం లేదు, బీడ్ అంచున ఉన్న అండర్‌కట్ గాడిలోనో, కంటికి ఆనని గీతలోనో ముందే పుట్టి ఉంటుంది. ఇప్పుడు నువ్వు రేకు సన్నం చేస్తే ఆ అంచు మీద స్ట్రెస్ పెరుగుతుంది, జాయింటు బలం మాత్రం అక్కడే ఉంది. అంటే ఖరీదైన స్టీలు వేసి వ్యాగన్ ఆయుష్షు తగ్గించినట్టు.

దీనికి మందు లేదా అంటే ఉంది. బీడ్ అంచుని బర్ గ్రైండర్‌తో నున్నగా చేయడం, టిగ్ వెల్డింగ్‌తో మళ్లీ కరిగించడం, సన్న సుత్తి లాంటి మెషీన్‌తో అంచంతా కొట్టి నొక్కుడు స్ట్రెస్ ఎక్కించడం. అలా చేసినప్పుడు మాత్రం గట్టి స్టీలుకి గట్టి లాభం వస్తుంది. కానీ ఒక వ్యాగన్‌కి ఎన్ని మీటర్ల వెల్డ్ ఉంటుందో తెలుసా? అందుకని డిజైన్‌లోనే వెల్డ్‌ని స్ట్రెస్ తక్కువున్న చోటికి జరపమని నేను అరుస్తుంటాను, వినే డ్రాయింగ్ ఆఫీసు దొరకాలి.

మీ నాన్నగారి పొక్లెయిన్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. టిప్లర్ (వ్యాగన్‌ని తిప్పి కుమ్మరించే మెషీన్) లేని సైడింగుల్లో బకెట్ పళ్లతో గీకి తోడతారు. ఫ్లోర్ మీద నాగలి చాళ్లలా గీతలు పడతాయి, ఒకసారైతే పక్క గోడకి పన్ను దిగి అరచేయి పట్టే కన్నం పడింది, లోపల్నుంచి చూస్తే ఆకాశం కనబడుతోంది. ఏ సైడింగో చెప్పను. అలాంటి చోట 700 ఎంపీఏ నిజంగా పనికొస్తుంది, గీతకీ గుంటకీ గట్టిదనమే మందు.

ఘాట్_డ్యూటీ:

అందరూ రేకు గురించే మాట్లాడుతున్నారు, నేను రేక్ (వ్యాగన్లన్నీ కలిపిన బండి) గురించి మాట్లాడతా :) లోకో పైలట్‌ని, కేకే (కొత్తవలస-కిరండూల్) లైన్ మీద చాలా ఏళ్లు చేశాను.

బాబూ నీది బొడ్డవర అయితే నీకు చెప్పక్కర్లేదు, మీ ఊరు దాటాకే అసలు ఎక్కుడు. కిరండూల్ నుంచి ఖనిజం నింపుకుని విశాఖ వైపు దిగుతాం, తిరిగి ఖాళీ రేక్ వేసుకుని శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు మీదుగా శిమిలిగుడ దాకా ఎక్కుతాం. శిమిలిగుడ బోర్డు మీద 996 మీటర్లు అని ఉంటుంది. కొత్తవలస నుంచి చూస్తే 900 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఎక్కేటప్పుడు వ్యాగన్లలో సరుకు ఉండదు, అంటే లోకో లాగే బరువంతా నువ్వు చెప్పే ఆ ఖాళీ డబ్బాలదే. మైదానంలో నడిచే రేక్‌కి వ్యాగన్ రెండు టన్నులు తగ్గితే డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు. ఘాట్‌లో తెలుస్తుంది.

లెక్క నువ్వే వేసుకో. టన్ను బరువుని 900 మీటర్లు ఎత్తడానికి 2.45 యూనిట్లు. 58 వ్యాగన్ల రేక్‌లో వ్యాగన్‌కి 1.87 టన్నులు తగ్గితే 108 టన్నులు. అంటే ఒక్క ఎక్కుడికి 265 యూనిట్లు, లోకో నష్టాలు కలిపితే 300 దాటుతుంది. ఒక ఇంటికి నెలంతా వాడుకునే కరెంటు. ఇంత తక్కువా అనుకోకు, రోజుకి ఎన్ని రేక్‌లు ఎక్కుతాయో మీ స్టేషన్‌లో ఒక పూట కూర్చుని లెక్కపెట్టు.

దిగేటప్పుడు త్రీ ఫేజ్ లోకోలు కరెంటు తిరిగి వైరులోకి పంపుతాయి. స్వీడన్ అన్న చెప్పిన నార్విక్ లైన్ సంగతి నేనూ చదివాను, అక్కడ నిండు బండి దిగుతూ పుట్టించే కరెంటుతో ఖాళీ బండి బార్డర్ దాకా ఎక్కుతుందట. ఖాళీ ఎంత తేలికైతే ఆ లెక్క అంత బాగుంటుంది.

ఒక భయం కూడా చెప్తా. మరీ తేలిక ఖాళీలు నాకు ఇష్టం ఉండవు. గట్టి కర్వుల్లో పొడుగు రేక్‌ని లాగుతున్నప్పుడు మధ్యలో ఉన్న తేలిక వ్యాగన్‌ని కప్లర్ లోపలి పట్టా వైపు గుంజుతుంది, చక్రం మీద బరువు లేకపోతే పట్టా ఎక్కేస్తుంది. బ్రేక్ కూడా ఖాళీకి వేరు, లోడుకి వేరు సెట్టింగ్. నిండుకీ ఖాళీకీ తేడా పెరిగే కొద్దీ స్ప్రింగులకి కష్టం, కప్లర్ ఎత్తు ఖాళీగా ఉన్నప్పుడు 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, నిండినప్పుడు 1030 కంటే దిగకూడదు, ఆ 75 మిల్లీమీటర్లలోనే అంతా సర్దుకోవాలి. మీ స్టీలు వాళ్లు ఇది మర్చిపోతుంటారు.

ఇక నాకు నిద్రలో కూడా వినబడే చప్పుడు నకిల్ (కప్లర్‌లో వ్యాగన్లని పట్టి ఉంచే కొక్కెం) విరగడం. ఒక రాత్రి ఎక్కుడులో ఢమ్మని చప్పుడు, ప్రెషర్ పడిపోయింది, బండి రెండు ముక్కలు. టార్చి వేసుకుని నడిచి వెళ్లి చూస్తే విరిగిన నకిల్ ముఖం మీద ఒక మూల బొటనవేలి గోరంత మేర తుప్పు పట్టి నల్లగా ఉంది, మిగతాదంతా ఇప్పుడే పగలగొట్టిన పటికబెల్లంలా మెరుస్తోంది. మెటలర్జీ వాళ్లు దాని అర్థం చెప్పండి, నేనైతే ఆ రాత్రి అసిస్టెంటుతో కలిసి స్పేర్ నకిల్ మోసుకుంటూ వెళ్లి మార్చాను, అది ఎంత బరువో నా నడుముకి తెలుసు.

అల్యూమినియం_అభిమాని:

ఇంత చర్చ ఎందుకండి, అల్యూమినియం వేస్తే పోయె. 2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో 61 వ్యాగన్ల అల్యూమినియం రేక్ మొదలుపెట్టారు, స్టీలు రేక్ కంటే 180 టన్నులు తేలిక. మీరు నియోబియం చుక్కలు పట్టుకుని 108 దగ్గర ఉన్నారు.

లూలియో_తెలుగోడు:

@అల్యూమినియం_అభిమాని, 180 నిజమే, బాగుంది కూడా, తుప్పు గొడవ తక్కువ, పాతబడ్డాక అమ్మితే మంచి రేటు. కానీ రెండు సంగతులు. మాడ్యులస్ స్టీలులో మూడో వంతు కాబట్టి అక్కడ రేకు మందం పెంచాల్సిందే, కొత్త వ్యాగన్ ధర ఎక్కువ. రెండోది 309ఎల్ గారిలాంటి వాళ్లు చెప్పాలి, అల్యూమినియం వెల్డ్ రిపేరు ఏ మారుమూల డిపోలో చేస్తారు? పైగా మీరు చెప్పిన ఆ అల్యూమినియంది బాటమ్ డిశ్చార్జ్ వ్యాగన్, సరుకు కింద తలుపుల్లోంచి జారిపోతుంది, పొక్లెయిన్ పని లేదు. పొక్లెయిన్ పళ్ల కింద అల్యూమినియం పెట్టమంటే నేను మాత్రం పెట్టను.

@ఘాట్_డ్యూటీ గారూ, మీరు చూసింది టెక్స్ట్‌బుక్కులో ఫొటోగా వేయాల్సిన ముఖం. ఆ గోరంత నల్ల మరక పాత పగులు. పోతపోసినప్పుడు లోపల మిగిలిన బుడగ దగ్గరో, ఇసుక రేణువు దగ్గరో మొదలై నెలల తరబడి మెల్లగా పెరిగింది, గాలీ నీళ్లూ తగిలి తుప్పు పట్టింది. మెరిసే భాగం అంతా ఆ రాత్రి ఒక్క క్షణంలో విరిగింది. ఇప్పుడు టఫ్‌నెస్ అంటే ఏమిటో చూడండి. మన దగ్గర మైనస్ 30 లేకపోయినా, అదే పగులు అదే సైజులో ఉన్నప్పుడు టఫ్‌నెస్ ఎక్కువున్న నకిల్ విరక్కుండా మోస్తుంది, పగులు ఇంకా పెద్దదై ఎగ్జామినేషన్‌లో కంటపడే దాకా టైమిస్తుంది. బొటనవేలి గోరంత పగులుకే విరిగిందంటే ఆ మెటీరియల్ ఓర్పు తక్కువ. గట్టి నకిల్‌కి అమెరికన్ రైల్‌రోడ్ల 'గ్రేడ్-ఇ' స్టీలు వాడతారు, పోతపోసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, మళ్లీ కాస్త కాల్చి మార్టెన్‌సైట్‌ని మెత్తబరుస్తారు. యీల్డ్ 690 ఎంపీఏ, చార్పీ మైనస్ 40లో 27 జౌల్స్ దాటాలి. ఆ రెండో కాల్పు సరిగా చేయకపోతే బలం పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసై, దారిలో మీలాంటి వాళ్ల నడుము విరుస్తుంది.

బుల్లోడూ, ఆస్టెనైట్ మిగిల్చే కొత్త స్టీళ్ల గురించి కూడా ఒక పేజీ రాయి. సిలికాన్ 1.5 శాతం పైన వేస్తే బైనైట్ పుట్టేటప్పుడు కార్బైడ్ రాదు, కార్బన్ మిగిలిన ఆస్టెనైట్‌లోకి చేరి దాన్ని గది వేడి దాకా నిలబెడుతుంది. పగులు దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారుతూ శక్తిని మింగేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో హ్యారీ భదేషియా ఈ కార్బైడ్ లేని బైనైట్ మీద పట్టాల కోసం చాలా పని చేశారు. పట్టాలకీ క్రాసింగులకీ ఇది సరే, వెల్డ్ చేసే వ్యాగన్ ఒంటికి మాత్రం నేనైతే తొందరపడను, 309ఎల్ గారి ఆర్క్ తగలగానే ఆ మిగిల్చిన ఆస్టెనైట్ ఎంత మిగులుతుందో ముందు చూడాలి.

బొడ్డవర_బుల్లోడు:

అన్నలందరికీ థాంక్స్, నిన్న రాత్రి మొత్తం చదివి నాన్నకి కూడా వినిపించాను. 309ఎల్ గారి కన్నం కథకి గట్టిగా నవ్వి "ఆ కన్నానికి ప్యాచ్ వేసింది నేనే అయి ఉంటా" అన్నారు.

ప్రాజెక్టు మార్చేస్తున్నా. వ్యాగన్ అంతటికీ ఒకే స్టీలు కాకుండా, ఫ్లోర్‌కి గీతలు తట్టుకునే గట్టి బైనైట్ రేకు, పక్క గోడలకి స్టెయిన్‌లెస్ మడత సెక్షన్లు, సెంటర్ సిల్‌కి (అండర్‌ఫ్రేము మధ్యలో పొడుగునా ఉండే దూలం) మందం తగ్గించకుండా నియోబియం వేసిన 450 ఎంపీఏ స్టీలు. ఎక్స్‌పెరిమెంట్ మటుకు ఒకటే పెడుతున్నా, అదే రేకుని తక్కువ హీట్‌తో ఒకటి, ఎక్కువ హీట్‌తో ఒకటి వెల్డ్ చేయించి, బీడ్ పక్కన చార్పీ ముక్కలు కోయడం. మూడు వారాల్లో అవుతుందా? నకిల్ ముక్క ఒకటి స్క్రాప్‌లో దొరికితే మైక్రోస్కోప్ కింద చూద్దామని కూడా ఉంది.

309ఎల్:

అవుతుంది, కానీ నాచ్ (చార్పీ ముక్క మీది గాటు) ఎక్కడ కోస్తున్నావో చూసుకో. నాచ్ ఒక మిల్లీమీటరు జరిగిందంటే నువ్వు వెల్డ్ మెటల్‌నో బేస్ మెటల్‌నో కొలుస్తున్నట్టు, మధ్యలో ఉన్న ముతక గ్రెయిన్‌ని కాదు. ముందు ముక్కని పాలిష్ చేసి 2 శాతం నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) ఎచ్ చెయ్యి, పట్టీ కనబడ్డాక గీత గీసి అప్పుడు నాచ్ కొయ్యి. స్టెయిన్‌లెస్‌కి నైటాల్ పని చేయదు, దానికి వేరే ఎచెంట్ మీ ల్యాబ్‌లో అడుగు. రెండు ప్లేట్లకీ వెల్డర్ ఒకడే ఉండాలి, లేకపోతే నువ్వు కొలిచేది హీట్ కాదు, చెయ్యి.

ఘాట్_డ్యూటీ:

స్క్రాప్ అయినా అది రైల్వే సొత్తు, జేబులో వేసుకుని గేటు దాటావంటే ఆర్పీఎఫ్ వాళ్లు నీ మైక్రోస్ట్రక్చర్ చూస్తారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద అర్జీ పెట్టించి, మీ నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లు. ఆయన్ని చూసైనా ఇస్తారు.